సీ డ్రైవులో కనిపించని 100 జీబీ: ఒక డీటీపీ షాపు కంప్యూటరు గురించి

నమస్కారం. మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. డీటీపీ షాపులో ఒకటే కంప్యూటరు. విండోస్ 11, 8 జీబీ ర్యామ్, సీ డ్రైవుకు 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, జాబులు, అంటే ప్రింటు పనుల ఫైళ్ళు, దాచుకోవడానికి విడిగా డీ డ్రైవు. సీ డ్రైవులో ఖాళీ 4 జీబీకి పడిపోయి గీత ఎర్రబడింది. రీసైకిల్ బిన్ ఖాళీ చేశారు, డౌన్‌లోడ్స్ తుడిచారు, వాడని సాఫ్ట్‌వేర్లు రెండు తీసేశారు. 9 జీబీ దొరికింది. వారం తిరగకుండానే అదీ పోయింది. సీ డ్రైవు తెరిచి ఫోల్డర్లన్నీ ఎంచుకుని ప్రాపర్టీస్ చూస్తే మొత్తం 131 జీబీ. డ్రైవు బొమ్మ మీద మాత్రం 233 జీబీ వాడినట్లు ఉంది. మిగతా 100 జీబీ ఎక్కడుంది, ఫార్మాట్ చేసేయమంటారా అని అడిగారు.

ఫార్మాట్ వద్దు. మీ ఫాంట్లు, ప్రింటరు కలర్ ప్రొఫైళ్ళు, డిజైన్లు చేసే కోరెల్ సాఫ్ట్‌వేరులో ఏళ్ళ తరబడి అమర్చుకున్న సెట్టింగులు తిరిగి కూర్చుకునేసరికి రెండు రోజుల పని పోతుంది. ఇంతా చేసి స్థలం తిన్నది ఏదో తెలియదు. అంతకంటే ముఖ్యంగా, ఇక మీదట ఏదీ తుడవకండి, కనీసం ఈ సమాధానం పూర్తిగా చదివే దాకా. ఎస్‌ఎస్‌డీలో ఫైలు తుడిచి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేస్తే, ఆ స్థలం ఇక అక్కర్లేదని విండోస్ డ్రైవుకు చెప్పేస్తుంది. దాన్ని ట్రిమ్ అంటారు. ఆ తర్వాత రికవరీ సాఫ్ట్‌వేర్లతో వెనక్కి తెచ్చుకోవడం దాదాపు అసాధ్యం. పాత హార్డ్ డిస్కుల రోజుల్లో ఉన్న వెసులుబాటు ఇప్పుడు లేదు.

మీరు ఒకే ప్రశ్న అడిగినట్లు అనిపించినా అందులో రెండున్నాయి. 100 జీబీ ఎక్కడ కూర్చుంది అన్నది ఒకటి. వారానికి 9 జీబీ ఏది మింగుతోంది అన్నది రెండోది. దుకాణంలో గల్లాపెట్టె నిల్వ ఒక్కటే చూస్తే డబ్బు ఎటు పోయిందో తెలియదు, రోజువారీ చిట్టా చూడాలి. ఇక్కడా అంతే. ఊరికే పడి ఉన్న ఫైళ్ళు వేరు, రోజూ పెరిగే ఫైళ్ళు వేరు. మీ ప్రాణం తీస్తున్నవి రెండో రకం.

ముందు లెక్క సరి చేసుకుందాం. 256 జీబీ డ్రైవు విండోస్‌లో సుమారు 238గా కనిపిస్తుంది. అది మోసం కాదు. తయారీదారులు జీబీ అంటే 100 కోట్ల బైట్లని లెక్కిస్తారు, విండోస్ 1024ను మూడు సార్లు హెచ్చించి సుమారు 107 కోట్ల 37 లక్షల బైట్లని లెక్కిస్తుంది. 512 జీబీ డ్రైవు 476గా, 1 టీబీ డ్రైవు 931గా కనిపించేది కూడా ఇందుకే. బూటింగుకూ రికవరీకీ చిన్న భాగాలు పోను మీకు 237 మిగిలింది. కాబట్టి 233 అన్న అంకె నిజం, 131 అన్నది తప్పు. డ్రైవు బొమ్మ మీది అంకెనే ఎప్పుడూ నమ్మండి.

131 ఎందుకు తప్పో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. మీరు ఫోల్డర్లన్నీ ఎంచుకున్నప్పుడు తెర మీద కనిపించేవే ఎంపికయ్యాయి. దాగి ఉన్న ప్రోగ్రామ్‌డేటా ఫోల్డరు, పేజ్‌ఫైల్, హైబర్‌ఫిల్ అనే పెద్ద ఫైళ్ళు, సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అనే ఫోల్డరు అందులోకి రాలేదు. ఎంపికైన వాటిలోనూ మీకు అనుమతి లేని లోపలి ఫోల్డర్ల దగ్గర ఎక్స్‌ప్లోరర్, అంటే విండోస్‌లో ఫోల్డర్లు చూపించే కిటికీ, ఆగిపోతుంది. ఆగినట్లు ఒక్క మాటా చెప్పదు, దాన్ని సున్నాగా వేసుకుని ముందుకు వెళ్ళిపోతుంది. మీరు అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో లాగిన్ అయి ఉన్నా సరే, ఎక్స్‌ప్లోరర్ మామూలు అనుమతులతోనే నడుస్తుంది. 100 జీబీ మాయమైనట్లు కనిపిస్తే, ఎక్స్‌ప్లోరర్ అడుగు పెట్టలేని గదులు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకడమే మన పని.

దీనికి సరైన సాఫ్ట్‌వేరు విన్‌డర్‌స్టాట్. ఏ ఫోల్డరు ఎంత స్థలం తిన్నదో చూపిస్తుంది. పూర్తిగా ఉచితం, షాపులో వాడుకున్నా ఇబ్బంది లేదు. దాని సొంత సైటు నుంచి, లేదా సాఫ్ట్‌వేర్లు దించుకోవడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన వింగెట్ అనే కమాండ్ ద్వారా మాత్రమే దించుకోండి. ఇలాంటిదే విజ్‌ట్రీ, ఇంకా వేగంగా పనిచేస్తుంది. అది ఫోల్డర్లలో ఒక్కొక్కటిగా తిరగకుండా, ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైళ్ళను అమర్చుకునే పద్ధతి) డ్రైవులో ప్రతి ఫైలు వివరం రాసి ఉండే ఎమ్ఎఫ్‌టీ అనే పట్టికను నేరుగా చదువుతుంది. అందుకే అనుమతుల గొడవ లేకుండా కొన్ని సెకండ్లలో లెక్క తేలుస్తుంది. కానీ విజ్‌ట్రీ సొంత వాడకానికే ఉచితం, వ్యాపారానికి లైసెన్సు కొనాలి. ఏది వాడినా దాని బొమ్మ మీద మౌస్ కుడి బటన్ నొక్కి, అడ్మినిస్ట్రేటర్‌గా నడపమని చెప్పండి. ఈ ఒక్కటి మరిచిపోతే ఎక్స్‌ప్లోరర్ చెప్పిన అబద్ధమే ఇదీ చెబుతుంది. విన్‌డర్‌స్టాట్‌లో ఇంకో మంచి వసతి ఉంది. సెట్టింగుల్లో 'అన్‌నోన్' అనే వరుసను చూపించమని పెట్టుకుంటే, డ్రైవు చెప్పే అంకెకూ తాను లెక్కించగలిగిన అంకెకూ ఎంత తేడా ఉందో విడిగా రాస్తుంది. ఆ వరుస పెద్దదిగా ఉంటే ఇంకా ఏదో మూల చూడలేదని అర్థం.

లెక్క పూర్తయ్యాక తెర కింది భాగంలో రంగురంగుల గళ్ళు పరుచుకుంటాయి. ఒక్కో గడి ఒక్కో ఫైలు, గడి ఎంత పెద్దదైతే ఫైలు అంత పెద్దది. ఈ పద్ధతి పుట్టుక గురించి చెబితే మీకు నచ్చుతుంది. 1990లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో బెన్ ష్నైడర్‌మన్ అనే ఆచార్యుడికి అచ్చం మీ సమస్యే వచ్చింది. వాళ్ళ ప్రయోగశాలలో 80 మెగాబైట్ల డిస్కు ఒకటి ఉండేది. దాన్ని 14 మంది పంచుకునేవారు. అది నిండినప్పుడల్లా ఎవరి ఫైళ్ళు ఎంత తిన్నాయో తెలిసేది కాదు. ఫోల్డర్ల చెట్టును మొత్తం ఒకే దీర్ఘచతురస్రంలో, పరిమాణాన్ని బట్టి గళ్ళుగా కోసి చూపించే ట్రీమ్యాప్‌ను ఆయన ఆలోచించింది అందుకే. ఈ రోజు షేర్ మార్కెట్ పటాల్లో మనం చూసే గళ్ళ బొమ్మలకు కూడా మూలం ఆ నిండిన డిస్కే.

ఇక మీ షాపు సంగతి. నాకు ఎక్కువ అనుమానం ఉన్న చోటు ఒకటుంది. మీరు ప్రశ్నలో దాన్ని ప్రస్తావించనే లేదు. విండోస్ ఫోల్డరులో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్. ప్రింటు ఇచ్చిన ప్రతి జాబూ ప్రింటరుకు చేరే ముందు ఆగే చోటు అది. మామూలుగా ప్రింటు అయిపోగానే ఆ ఫైలు చెరిగిపోతుంది. చెరగకుండా ఉండే పరిస్థితి కూడా ఉంది.

కొన్నేళ్ళ కిందట ఒక చిన్న ప్రెస్సు యజమాని పిలిస్తే వెళ్ళాను. ఆయన కష్టం మీ కష్టమే, అంకెలే వేరు. విన్‌డర్‌స్టాట్ నడిపితే కింది పటంలో మూడో వంతు ఒకే రంగులో కనిపించింది. మౌస్ అక్కడ పెడితే స్పూల్ ఫోల్డరు అని, 87 జీబీ అని వచ్చింది. లోపలికి వెళ్తే పేరుకు బదులు ఐదంకెల సంఖ్యలున్న ఫైళ్ళు బారులు తీరి ఉన్నాయి. ప్రతి సంఖ్యకూ రెండేసి ఉన్నాయి. ఎస్‌పీఎల్ అని ముగిసేది పెద్దది, ప్రింటు సమాచారమంతా అందులోనే ఉంటుంది. ఎస్‌హెచ్‌డీ అని ముగిసేది చిన్నది, ఆ జాబు వివరాలు ఉంటాయి. అప్పుడు ప్రింటరు క్యూ తెరిచాను. మామూలుగా ఒకటో రెండో వరుసలుండే ఆ చిన్న కిటికీలో కిందికి జరిపే కొద్దీ జాబులు వస్తూనే ఉన్నాయి. శుభలేఖలు, గృహప్రవేశం ఆహ్వానాలు, బడి పరీక్ష పేపర్లు, హోటలు మెనూలు, ప్రతి దాని పక్కనా 'ప్రింటెడ్' అనే మాట. అన్నిటికంటే కింద ఉన్నది 14 నెలల నాటి పెళ్ళి కార్డు.

సంగతేమిటంటే, ప్రింటరు ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ అనే పేజీలో 'కీప్ ప్రింటెడ్ డాక్యుమెంట్స్' అనే గడి ఉంటుంది. దానికి టిక్కు పెడితే ప్రింటు అయిన జాబు క్యూలోనే ఉండిపోతుంది, కావాలంటే అక్కడి నుంచే మళ్ళీ కొట్టుకోవచ్చు. అక్కడ పనిచేసిన కుర్రవాడు మంచి ఉద్దేశంతోనే ఆ టిక్కు పెట్టాడు. 'ఇంకో యాభై కార్డులు కావాలి' అని సాయంత్రం ఎవరో ఒకరు వస్తారు కదా, ఫైలు వెతక్కుండా రెండు క్లిక్కులతో పని అయిపోతుందని. తర్వాత అతను వేరే చోటికి వెళ్ళిపోయాడు, టిక్కు మిగిలిపోయింది.

ఒక్కో జాబు అంత పెద్దది ఎందుకవుతుందో లెక్క వేసి చూడండి. ఏ3 కాగితం 297 మిల్లీమీటర్ల వెడల్పు, 420 ఎత్తు. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, దాన్ని చుక్కలుగా మారిస్తే అడ్డంగా 3,508, నిలువుగా 4,961, మొత్తం సుమారు 1 కోటి 74 లక్షల చుక్కలు. ఒక్కో చుక్కకు రంగు చెప్పడానికి 3 బైట్లు. కుదించకుండా ఉంచితే ఒక్క పేజీ సుమారు 52 మెగాబైట్లు. 600 డీపీఐ అయితే నాలుగింతలు, అంటే 208. మీ కోరెల్ ఫైలు 3 మెగాబైట్లే కావచ్చు, ప్రింటరుకు వెళ్ళే రూపం ఇంత పెద్దది కాగలదు. డ్రైవరును బట్టి కొంత కుదింపు ఉంటుంది, అయినా రోజుకు 30 రంగుల జాబులు కొట్టే షాపులో రోజుకు 1 జీబీ దాటడం వింత కాదు. మీ వారానికి 9 జీబీ అన్న అంకె చూడగానే నాకు ఇదే తట్టింది.

చూసుకోవడం తేలిక. ప్రింటరు క్యూ తెరవండి. పాత జాబులు 'ప్రింటెడ్' అని వరుసగా కనిపిస్తే దొంగ దొరికినట్లే. ముందు ఆ టిక్కు తీసేయండి. తర్వాత జాబుల్లో మళ్ళీ అవసరం పడేవి ఏవైనా ఉంటే వాటి అసలు ఫైళ్ళు డీ డ్రైవులో ఉన్నాయో లేదో సరిచూసుకోండి. అవి ఉన్నాయని తేలాక సర్వీసెస్ తెరిచి ప్రింట్ స్పూలర్ అనే దాన్ని ఆపండి, స్పూల్ లోపలి ప్రింటర్స్ ఫోల్డరులోకి వెళ్ళండి. అనుమతి అడుగుతుంది, ఇవ్వండి. లోపలి ఫైళ్ళు మాత్రమే తుడవండి, ఫోల్డరును ఉంచండి, స్పూలర్‌ను తిరిగి ప్రారంభించండి. ఈ పని కస్టమర్లు లేని వేళ చేసుకోండి, క్యూలో వేచి ఉన్న తాజా జాబులు కూడా పోతాయి. ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ పేజీలో స్పూల్ ఫోల్డరు దారి కూడా ఉంటుంది, అక్కడ దాన్ని డీ డ్రైవుకు మార్చుకోవచ్చు. ఫ్లెక్సీ యంత్రం కూడా ఉంటే దాని రిప్ సాఫ్ట్‌వేర్ (డిజైనును చుక్కలుగా మార్చి యంత్రానికి పంపేది) సొంత జాబు ఫోల్డరు ఎక్కడుందో చూడండి. చాలా రిప్ సాఫ్ట్‌వేర్లు కొట్టిన ప్రతి బ్యానరుకూ ఒక ప్రతిని మీరు చెరిపే దాకా ఉంచుకుంటాయి.

ఆ ప్రెస్సు యజమాని గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. నన్ను పిలవడానికి నాలుగు రోజుల ముందు కంగారులో 'పాత జాబులు' అనే ఫోల్డరు ఒకటి, 11 జీబీ, పూర్తిగా తుడిచేశారు. అందులో ఒక బడికి ఏటా చేసే ఐడీ కార్డుల డిజైన్లు, పిల్లల ఫోటోలు ఉన్నాయి. జూన్ వచ్చాక వాళ్ళు మళ్ళీ అడిగారు. ఎస్‌ఎస్‌డీ కావడంతో నేను ఎంత ప్రయత్నించినా ఒక్క ఫైలూ తిరిగి రాలేదు. అవసరమైన 11 జీబీ పోయింది, అవసరం లేని 87 జీబీ పక్కనే భద్రంగా ఉంది. కొలవకుండా తుడవొద్దని నేను ఇంతగా పట్టుబట్టడానికి కారణం అదే.

స్పూల్ ఖాళీగా ఉంటే తర్వాత చూడవలసింది టెంప్ ఫోల్డరు. విండోస్ మీటతో పాటు ఆర్ నొక్కి, వచ్చిన పెట్టెలో శాతం గుర్తు, టెంప్ అనే మాట, మళ్ళీ శాతం గుర్తు ఇంగ్లీషులో ఖాళీలు లేకుండా కొట్టండి. ఫోటోషాప్ పెద్ద ఫైళ్ళ మీద పనిచేసేటప్పుడు ర్యామ్ చాలక డిస్కును వాడుకుంటుంది, దాన్ని స్క్రాచ్ డిస్క్ అంటారు. మీరేమీ మార్చకపోతే అది సీ డ్రైవే. ఫోటోషాప్‌ను సరిగ్గా మూస్తే ఆ ఫైళ్ళు అదే చెరిపేస్తుంది. కానీ కరెంటు పోయి కంప్యూటరు ఆగినా, ఫోటోషాప్ మధ్యలో ఇరుక్కుని మూతపడినా, అవి అక్కడే అనాథగా మిగులుతాయి. పేరు 'ఫోటోషాప్ టెంప్' అని మొదలై వెనుక అంకెలుంటాయి. 8 జీబీ ర్యామ్‌తో ఫ్లెక్సీ పనులు చేస్తే ఒక్కొక్కటి పలు జీబీలు ఉండవచ్చు. ఫోటోషాప్ మూసి, కంప్యూటరు రీస్టార్ట్ చేసి, నిన్నటి కంటే పాతవైన వాటిని నిశ్చింతగా తుడవండి. ఆ వెంటనే ఫోటోషాప్ ప్రిఫరెన్సెస్‌లో స్క్రాచ్ డిస్క్‌ను డీకి మార్చండి. పెళ్ళి వీడియోలు కూడా ఎడిట్ చేస్తుంటే ప్రీమియర్ ఉంచుకునే మీడియా క్యాష్ ఇంకో పెద్ద గుట్ట. అది మీ యూజర్ ఫోల్డరులో యాప్‌డేటా, రోమింగ్, అడోబీ, కామన్ దారిలో ఉంటుంది, ప్రీమియర్ సెట్టింగుల నుంచే చెరపవచ్చు.

యాప్‌డేటా గురించి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. అది దాగి ఉండే ఫోల్డరు. బ్రౌజరు, వాట్సాప్, టెలిగ్రామ్ తమ సామాను అక్కడే పెట్టుకుంటాయి. మీ షాపులో కస్టమర్లు ఫోటోలు, పీడీఎఫ్‌లు వాట్సాప్‌లోనే పంపుతారు కదా. వాట్సాప్ యాప్ వాడుతుంటే యాప్‌డేటాలో లోకల్, ప్యాకేజెస్ లోపల దాని పేరున్న ఫోల్డరు ఎంత ఉందో గమనించండి. అక్కడ చేత్తో తుడవకుండా వాట్సాప్ సెట్టింగుల నుంచే తగ్గించుకోవడం మంచిది. వెబ్ వాట్సాప్ వాడుతుంటే అవన్నీ డౌన్‌లోడ్స్‌లోకి వస్తాయి. ఒకే ఫోటోను మూడు సార్లు దించితే పేరు చివర బ్రాకెట్లలో 1, 2 చేరి మూడు ప్రతులవుతాయి. డౌన్‌లోడ్స్ మీద కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్‌లో లొకేషన్ పేజీకి వెళ్ళి దాన్ని డీ డ్రైవుకు తరలించండి. యాప్‌డేటాను మాత్రం అలా తరలించే ప్రయత్నం చేయకండి.

ఇప్పటి దాకా చెప్పినవి పెరిగేవి. ఊరికే కూర్చునేవి కొన్ని ఉన్నాయి, వాటిని త్వరగా చెబుతాను. సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్ లోకి వెళ్ళి, ఇంకా వర్గాలు చూపించమని అడిగి, సిస్టమ్ అండ్ రిజర్వ్‌డ్ అనే వరుస నొక్కితే వీటి పరిమాణాలు విడివిడిగా కనిపిస్తాయి. ఏ సాఫ్ట్‌వేరూ వేయనక్కర్లేదు.

పేజ్‌ఫైల్ అంటే ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కు మీద తీసుకునే చోటు. విండోస్‌కే వదిలేస్తే అది ర్యామ్‌కు మూడు రెట్ల దాకా పెరగవచ్చు, అయితే డ్రైవులో ఎనిమిదో వంతు దాటదు. మీ 8 జీబీకి 24 జీబీ దాకా అన్నమాట. కోరెల్, ఫోటోషాప్, బ్రౌజరు కలిపి తెరిచిన రోజు అది ఉబ్బుతుంది, రీస్టార్ట్ చేస్తే తగ్గుతుంది. సాయంత్రం ఖాళీ ఎంతో చూసి, రీస్టార్ట్ చేసి మళ్ళీ చూడండి. 10 జీబీ వెనక్కి వస్తే మీ షాపు కంప్యూటరుకు కావలసింది ఇంకో 8 జీబీ ర్యామ్. పేజ్‌ఫైల్‌ను పూర్తిగా ఆపేయమని చెప్పేవాళ్ళ మాట వినకండి, పెద్ద ఫైలు తెరిచినప్పుడు పని మధ్యలో ప్రోగ్రాములు కూలిపోతాయి.

హైబర్‌ఫిల్ అనేది కంప్యూటరు హైబర్నేట్ అయ్యేటప్పుడు ర్యామ్‌లో ఉన్నదాన్ని దాచుకునే ఫైలు. మామూలుగా ర్యామ్‌లో 40 శాతం, మీకు 3 జీబీ పైచిలుకు. తీసేయాలంటే అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్ హెచ్, ఖాళీ, ఆఫ్ అని ఇంగ్లీషులో కొట్టాలి. దీంతో కంప్యూటరును త్వరగా తెరిపించే ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగిపోతుంది. 3 జీబీ కోసం నేనైతే దీని జోలికి వెళ్ళను.

సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ కొంచెం జాగ్రత్తగా చూడవలసినది. రీస్టోర్ పాయింట్లు, అంటే విండోస్ చెడితే పాత స్థితికి వెళ్ళడానికి దాచుకునేవి, అక్కడ ఉంటాయి. ఎక్స్‌ప్లోరర్‌లో దాని పరిమాణం సున్నా అని కనిపిస్తుంది, నిజంలో పదుల జీబీలు ఉండవచ్చు. సిస్టమ్ ప్రొటెక్షన్ అనే కిటికీ తెరిచి సీ డ్రైవు ఎంచుకుని కాన్ఫిగర్ నొక్కితే ఎంత వాడుతోందో, గరిష్ఠంగా ఎంత అనుమతించారో రెండూ ఉంటాయి. ఎవరైనా ఆ జారుడు గీతను 40 శాతానికో 50 శాతానికో జరిపి ఉంటే మీ 100 జీబీ రహస్యం అక్కడే తేలిపోవచ్చు. 5 శాతానికి తగ్గించండి, పాతవి వాటంతట అవే పోతాయి. పూర్తిగా ఆపకండి, చెడ్డ డ్రైవరు పడ్డ రోజు అదే ఆదుకుంటుంది.

విండోస్ కొత్త వెర్షన్‌కు మారితే పాతది విండోస్.ఓల్డ్ అనే ఫోల్డరులో 10 రోజులు ఉంటుంది, తర్వాత దానంతట అదే పోతుంది. తొందరగా పోవాలంటే స్టోరేజ్‌లోని టెంపరరీ ఫైల్స్ పేజీ నుంచి తీసేయవచ్చు. ఆ పేజీలో ఒక ప్రమాదం ఉంది. డౌన్‌లోడ్స్ కూడా ఆ జాబితాలో ఒక వరుసగా ఉంటుంది. అన్నిటికీ టిక్కు పెట్టుకుంటూ పోతే కస్టమర్ల ఫోటోలు కూడా పోతాయి. నొక్కే ముందు ఆ వరుస ఒక్కసారి చూసుకోండి.

విన్‌డర్‌స్టాట్ చూడగానే కళ్ళకు పెద్దగా కనిపించే మరో ఫోల్డరు విండోస్ లోపలి విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్. దాన్ని చూసి భయపడకండి, ముట్టుకోకండి. దానిలోని చాలా ఫైళ్ళు సిస్టమ్32 వంటి చోట్ల ఉన్న ఫైళ్ళకే రెండో పేర్లు. ఒకే ఇంటికి రెండు వీధుల వైపు రెండు తలుపులుండి, రెండింటికీ నంబర్లు వేసినట్లు. తలుపులు లెక్కపెట్టేవాడికి రెండిళ్ళు కనిపిస్తాయి, నేల మాత్రం ఒక్కటే. పాత అప్‌డేట్ల చెత్త నిజంగా ఉంటే టెంపరరీ ఫైల్స్‌లోని విండోస్ అప్‌డేట్ క్లీనప్ దాన్ని సక్రమంగా తీస్తుంది. విండోస్‌లోని ఇన్‌స్టాలర్ ఫోల్డరు కూడా అలాగే ముట్టుకోకూడనిది. అది తుడిస్తే ఆ రోజుకు ఏమీ కాదు. ఆరు నెలల తర్వాత ఏదో సాఫ్ట్‌వేరు అప్‌డేట్ చేయబోతే కాదు, తీసేయబోతే పోదు. అప్పుడు కారణం ఎవరికీ గుర్తుండదు.

ఒక్క క్లిక్కుతో శుభ్రం చేస్తామనే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్ళకండి. అవి తీసేది బ్రౌజరు క్యాష్, రెండు రోజుల్లో అది మళ్ళీ నిండుతుంది. మీ సమస్య ఉన్న స్పూల్ ఫోల్డరు లాంటి చోట్లను అవి గుర్తించకపోవచ్చు.

ఇక మీరు చేయవలసిన వరుస చెబుతాను. ఈ రోజు షాపు మూసే ముందు విన్‌డర్‌స్టాట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా నడిపి, సీ డ్రైవులో మొదటి పది పెద్ద ఫోల్డర్లు, వాటి అంకెలు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. యూజర్స్, విండోస్, ప్రోగ్రామ్‌డేటా మూడింటినీ ఇంకో రెండు మెట్లు లోపలికి విప్పి రాయండి. అన్‌నోన్ వరుస కూడా రాయండి. తేదీ వేయండి. నాలుగు రోజుల తర్వాత అదే వేళకు మళ్ళీ నడిపి పక్క నిలువు వరుసలో రాయండి. రెండు అంకెలు సమానంగా ఉన్న ఫోల్డర్ల పేర్లను నోటుపుస్తకంలో కొట్టివేయండి, కంప్యూటరులో కాదు. మిగిలిన రెండు మూడింటిలోనే మీ వారానికి 9 జీబీ ఉంది. స్పూల్ క్యూ మాత్రం నాలుగు రోజులు ఆగకుండా ఇప్పుడే చూడండి, ఒక్క నిమిషం పని.

ఈ లోగా పని ఆగకుండా ఉండాలంటే కాస్త ఖాళీ కావాలి కాబట్టి, స్క్రాచ్ డిస్క్, డౌన్‌లోడ్స్ ఈ రెండూ డీకి మార్చండి. వీటితో ఏ ఫైలూ పోదు. చివరికి సీ డ్రైవులో 30 జీబీ అయినా ఖాళీ నిలిచేలా చూసుకోండి. ఎస్‌ఎస్‌డీ అంచు దాకా నిండితే రాయడానికి ఖాళీ గడులు దొరక్క పాత సమాచారాన్ని అటూ ఇటూ జరుపుకుంటూ నెమ్మదిస్తుంది, పెద్ద విండోస్ అప్‌డేట్లు కూడా చోటు లేక మధ్యలో ఆగిపోతాయి.

రెండు రోజుల అంకెలూ రాశాక ఇక్కడే పెట్టండి, అన్‌నోన్ వరుసతో సహా. ప్రింటరు క్యూలో ఎన్ని వరుసలున్నాయో, వాటిలో అన్నిటికంటే పాతది ఏ నెలదో అది కూడా రాయండి. చూసి తర్వాతి అడుగు చెబుతాను.